నాలుగు మొనల కర్ర: పూల్ క్యూ డిజైన్‌లో సంప్రదాయం ఎంత, సొంత అభిరుచి ఎంత

విశాఖలో ఏ పూల్ పార్లర్‌లోకి వెళ్లినా గోడ పక్కన ఒక స్టాండు, అందులో ఏడెనిమిది క్యూలు, అంటే బంతిని కొట్టే కర్రలు, కనిపిస్తాయి. టిప్, అంటే బంతికి తగిలే కొస, అరిగిపోయినవి, కాస్త వంగినవి, చాక్ పొడి పట్టి నీలం తిరిగినవి. వాటిలో ఒకదాన్ని తీసి టేబుల్ లైటు కింద పెట్టి చూస్తే, చేత్తో పట్టుకునే చోటికి కొంచెం పైన నాలుగు పొడవాటి మొనలు ఉంటాయి. నల్లటి మొన, దాని అంచు వెంబడి ఒక తెల్ల గీత, ఆ గీతని ఆనుకుని ఎర్రదో పచ్చదో ఇంకొకటి. బాగా వాడిన కర్ర అయితే ఆ మొన ఒకచోట లేచి ఉంటుంది, గోటితో లాగితే ఊడి వచ్చేస్తుంది కూడా. అది చెక్క కాదు, వార్నిష్ కింద అంటించిన స్టిక్కర్. పైన పటారం, లోన లొటారం.

చౌక కర్రకి అలంకారమే కావాలంటే పువ్వులు వేయొచ్చు, పులిబొమ్మ వేయొచ్చు. ఏమీ వేయకపోయినా ఆటకి లోటు లేదు. అయినా తయారీదారు ఏరికోరి నాలుగు మొనల బొమ్మే అంటిస్తాడు. క్యూ అంటే ఇలాగే ఉండాలని కొనేవాడి కన్ను ఎప్పుడో నేర్చేసుకుంది మరి. కస్టమ్ క్యూ, అంటే కొలతలూ చెక్కా రంగులూ చెప్పి ఒక పనివాడి చేత చేయించుకునే క్యూ, చుట్టూ నడిచే వాదమంతా ఈ నేర్చుకున్న కన్ను గురించే. ఒకరు 'సంప్రదాయం' అంటారు. ఇంకొకరు 'డబ్బు నాది, కర్ర నాది' అంటారు. చిక్కేమిటంటే, సంప్రదాయం అని అందరూ ఒకే సంచిలో వేసేవాటిలో కొన్ని చెక్క స్వభావం వల్ల వచ్చినవి, కొన్ని పనితనాన్ని కొలిచే గజంబద్దలు, మిగతావి వట్టి అలవాట్లు. మొదటి రెండింటితో బేరం కుదరదు. మూడోదానికి అంత మర్యాద అక్కర్లేదు.

ముందు ఆ మొనల సంగతి. క్యూ ముందు భాగానికి నిటారు పోగు ఉన్న, మరీ బరువు లేని చెక్క కావాలి. అమెరికన్ పూల్‌లో అది మేపుల్. వెనక బరువు ఉండాలి, లేకపోతే కర్ర చేతిలో నిలవదు. అందుకని వెనక ఎబొనీయో రోజ్‌వుడ్డో పెడతారు. ఈ రెండు చెక్కల్నీ కొసకి కొస ఆనించి జిగురు పెడితే పట్టు ఉండదు. కోసిన కొస జిగురుని పీల్చేసుకుంటుంది. పోగు వెంబడి ఉన్న పక్కలు ఒకదానికొకటి ఆనితేనే అతుకు గట్టిపడుతుందని ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు. అందుకే పాత పనివాళ్లు బరువు చెక్కని నాలుగు నాలుకలుగా కోసి, మేపుల్‌లో వాటికి సరిపోయే గాట్లు తీసి, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు బిగించారు. దీన్ని ఫుల్ స్ప్లైస్ అంటారు. తర్వాత లేత్ మీద గుండ్రంగా తరిగితే ఆ నాలుకలే మొనలుగా తేలతాయి. మొన పుట్టింది అలంకారంగా కాదు, అతుకుగా. ఆ అతుకు చూడటానికి బాగుండటం కలిసొచ్చిన సంగతి.

రెండో పద్ధతి హాఫ్ స్ప్లైస్. ఇందులో ముందు భాగపు మేపుల్ ముక్కకి నాలుగు వైపులా 'వి' ఆకారపు గాడి వాలుగా కోస్తారు. వెనక లోతుగా మొదలైన గాడి ముందుకు పోయేకొద్దీ పైకి తేలుతుంది. అందులో చదరపు కడ్డీ కూర్చి అతికించి తరిగితే, గాడి మాయమయ్యే చోట సూది లాంటి మొన మిగులుతుంది. కడ్డీ రెండు పక్కలకీ ముందే రంగు అద్దిన పలుచని చెక్క పొరలు అతికించి ఉంటే, తరిగాక అవే మొన అంచు వెంబడి రంగు గీతలవుతాయి. వెనీర్లు అంటే ఇవి. మిల్లీమీటరు కన్నా పలుచన. స్టిక్కర్ కర్ర మీద తెల్ల గీత, ఎర్ర గీత ఎక్కడివో ఇప్పుడు తెలుస్తుంది. నిజం కర్రలో అవి ఒకదాని మీద ఒకటి పేర్చిన చెక్క.

మరి నాలుగే ఎందుకు? మూడు కాకూడదా, అయిదు కాకూడదా? ఇక్కడ చెక్క స్వభావం పక్కకి తప్పుకుంటుంది, చరిత్ర మొదలవుతుంది. 1845లో సిన్సినాటిలో జాన్ మోసెస్ బ్రన్స్‌విక్ పెట్టిన కంపెనీ తర్వాతి కాలంలో అమెరికా పూల్ హాళ్లని తన టేబుళ్లతో, కర్రలతో నింపింది. టైట్లిస్ట్ అనే దాని ఒంటి ముక్క హాల్ క్యూ నాలుగు మొనల ఫుల్ స్ప్లైస్‌తో వచ్చేది. కర్రలు చేసే పనివాళ్లకి అది సిద్ధంగా దొరికే సరుకు. దాన్ని కొని, మధ్యకి కోసి, జాయింట్ బిగించి, బరువు సరిచేసి రెండు ముక్కల క్యూగా మార్చేవారు.

అలా మార్చినవాళ్లలో జార్జ్ బలబుష్కా ఒకడు. 1912లో రష్యాలో పుట్టి, 1924లో కుటుంబంతో అమెరికా చేరి, వడ్రంగం చేసి, ఫర్నిచర్ చేసి, చెక్క బొమ్మలు కూడా చేశాడు. 1959లో బ్రూక్లిన్‌లో ఒక పూల్ హాల్‌లో వాటా తీసుకుని, అక్కడి కర్రలు బాగుచేస్తూ సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. 1975లో చనిపోయేదాకా అదే పని. ఈ రంగంలో ఆయన్ని వయోలిన్లు చేసిన స్ట్రాడివేరియస్‌తో పోలుస్తారు. అయితే ఆయన కర్రల మీద మొనలు చాలావరకు ఆయన కోసినవి కావు. మొదట్లో టైట్లిస్ట్ ముక్కలు వాడాడు. తర్వాత బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటి అనే ఇద్దరు పనివాళ్లు కోసిచ్చిన ముక్కలు వాడాడు. ఆయన గొప్పతనమంతా చెక్క ఎంపికలో, నిష్పత్తిలో, జాయింట్ బిగింపులో, పూర్తయ్యాక కర్ర చేతికి ఇచ్చే స్పర్శలో ఉంది. నాలుగు మొనలు ఆయన ఎంచుకున్న సౌందర్య సూత్రమేమీ కాదు. దొరికిన ముక్కకి నాలుగు మొనలున్నాయి, అంతే.

తర్వాతి తరం ఆ కర్రల్ని చూసి నేర్చుకుంది. నాలుగు మొనలు, ఒక్కో మొనకి నాలుగు రంగుల వెనీర్లు, పట్టుకునే చోట నార దారం చుట్టు, కింద తెల్ల రింగు. అవసరం కొద్దీ జరిగింది ఆనవాయితీ అయింది, ఆనవాయితీ శాస్త్రమైంది. 1986లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో కుర్ర ఆటగాడి చేతికి బలబుష్కా అని చెప్పి ఒక క్యూ ఇస్తారు. నిజానికి తెర మీద కనిపించింది జాస్ కంపెనీ చేసిన కర్ర. కోట్లమంది చూసి బలబుష్కా అంటే ఇదే అనుకున్నారు. ఆ శైలి అప్పటికే అంతగా ఉమ్మడి సొత్తయిపోయింది మరి.

ఆనవాయితీని దాటినవాళ్లూ లేకపోలేదు. లాస్‌వెగాస్‌లో జెర్రీ ఫ్రాంక్లిన్ మొదలుపెట్టిన సౌత్ వెస్ట్ కర్రలకి ఆరు మొనలు. ఈ రోజు వాటి కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుకుని కూర్చునేవాళ్లున్నారు. ఆరు మొనలకీ ఇప్పుడొక సంప్రదాయం ఏర్పడిపోయింది. సౌత్ వెస్ట్ లాగా చేయమని ఇంకో పనివాణ్ణి అడిగితే, అది సంప్రదాయాన్ని కాదన్నట్టా, ఇంకో సంప్రదాయంలో చేరినట్టా?

విశాఖ ఆటగాడికి ఈ లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. మన దేశంలో క్యూ ఆటలు బ్రిటిష్ క్లబ్బుల్లోంచి వచ్చాయి. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో. దాని నియమాలు 1882లో ఊటీ క్లబ్బులో గోడకెక్కాయి. మన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్లలో చాలామంది స్నూకర్ కర్ర పట్టే మొదలుపెట్టారు, పూల్‌కి తర్వాత వచ్చారు. స్నూకర్ కర్ర లోకం వేరు. ముందు భాగం ఎక్కువగా యాష్ చెక్క, వెనక ఎబొనీ. టిప్ తొమ్మిది, పది మిల్లీమీటర్లు. పూల్ కర్రకి దాదాపు పన్నెండు నుంచి పదమూడు. పట్టుకునే చోట దారం ఉండదు, నున్నటి నల్ల చెక్కే. జాయింట్ కూడా నడిమధ్యన కాదు, ముప్పావు పొడవు దగ్గర.

అసలు విడ్డూరం మొనల్లో ఉంది. చేత్తో చేసిన స్నూకర్ కర్రలో యాష్ కడ్డీ నాలుగు పక్కలనీ రందాతో వాలుగా చదును చేసి, ఆ చదును మీద ఎబొనీ పలకలు అతికించి, మళ్లీ గుండ్రంగా చిత్రిక పడతారు. ముందుకు సన్నబడే కర్రని చదునుగా కోస్తే వచ్చే అంచు వంపుగానే ఉంటుంది. కాబట్టి ఆ మొన నాలుక లాగా గుండ్రంగా తేలుతుంది. సూదిగా, 'వి' ఆకారంలో ఉన్న మొనలు కనిపిస్తే స్నూకర్ ప్రపంచంలో దాన్ని మెషిన్ స్ప్లైస్ అంటారు, ఒక మెట్టు కిందికి దించుతారు. అమెరికన్ పూల్‌లో సరిగ్గా తలకిందులు. అక్కడ సూది మొన ఉంటే గాడి కోసి అసలు చెక్క కూర్చినట్టు. మొన చివర గుండ్రంగా ఉంటే కంప్యూటర్ మిషన్ కట్టర్‌తో పైపైన తొలిచి పొదిగినట్టు. తిరిగే కట్టర్‌కి ఎంత సన్నదైనా ఒక వ్యాసార్థం ఉంటుంది కాబట్టి అది సూది మూల కోయలేదు.

ఒకే గుర్తు. సముద్రానికి ఒక ఒడ్డున చేతిపని, ఇంకో ఒడ్డున మిషన్ పని. స్నూకర్‌లో పెరిగిన విశాఖ కుర్రాడు మంచి అమెరికన్ పూల్ క్యూ చూసి 'ఇది మిషన్ కట్ లా ఉందేంటి' అని పెదవి విరిస్తే తప్పు పట్టలేం. ఆ కన్ను ఇంకో బళ్లో చదువుకుంది. చెక్క మచ్చల విషయమూ అంతే. యాష్ షాఫ్ట్ మీద, అంటే కర్ర ముందు భాగం మీద, వరసగా బాణం ములుకుల్లాంటి పోగు గుర్తులు పడితే స్నూకర్ ఆటగాడు మురిసిపోతాడు, కొందరు వాటిని లెక్కపెట్టుకుంటారు కూడా. మేపుల్ షాఫ్ట్ మీద షుగర్ మార్క్స్ అనే చిన్న గోధుమరంగు చారలు కనిపిస్తే పూల్ కర్రలు సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారు. ఆ చారల వల్ల బంతి ఒక్క వెంట్రుకవాసి పక్కకి పోదు. ఇలాంటివే మూడో సంచిలోవి, వట్టి అలవాట్లు.

నియమాలు చెప్పేది తక్కువ. స్నూకర్ నియమావళి క్యూ మూడు అడుగులకి తగ్గకూడదని, సన్నబడుతూ పోయే సంప్రదాయ ఆకారం మారకూడదని అంటుంది. ప్రపంచ పూల్ సమాఖ్య కొలతల్లో పొడవు కనీసం 40 అంగుళాలు, బరువు 25 ఔన్సులకి మించకూడదు, టిప్ వెడల్పు 14 మిల్లీమీటర్లు దాటకూడదు. మొనలు ఎన్ని, రంగులేమిటి అనే ఊసే లేదు. ఆటలో వాడే కర్రలు మామూలుగా 58 అంగుళాల పొడవు, 18 నుంచి 21 ఔన్సుల బరువు ఉంటాయి. ఇది నియమం చెప్పింది కాదు, మనిషి చెయ్యి తేల్చింది.

అలాగని నాలుగు మొనల శైలిని వట్టి అలవాటని కొట్టిపారేయడమూ పొరపాటే. దానికి అలంకారంతో సంబంధం లేని ఉపయోగం ఒకటుంది. చుక్కల ముగ్గు సంగతి తీసుకోండి. ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు అని అందరికీ తెలిసిన ముగ్గులో ఒక్క మెలిక తప్పినా వీధిన పోయే ఆవిడ ఆగి చెబుతుంది. చేతికొచ్చినట్టు వేసిన పూలతీగలో ఎక్కడ తప్పు జరిగిందో వేసినావిడకి తప్ప ఎవరికీ తెలియదు. నాలుగు మొనల కర్ర చుక్కల ముగ్గు. నాలుగు మొనలూ ఒకే ఎత్తులో ఆగాయా? ప్రతి మొనా దాని నడిరేఖకి అటూ ఇటూ సమంగా ఉందా? వెనీర్ల గీతలు ఒకే మందంలో వచ్చాయా, లేక ఒకవైపు పలచబడి మాయమయ్యాయా? జాయింట్ దగ్గర రింగు, పిడికిలి పైన రింగు, కింద రింగు ఒకే తీరున ఉన్నాయా? పట్టుచీర అంచునీ కొంగునీ కలిపి చూసినట్టు ఇవన్నీ కలిపి చూస్తారు. లేత్ మీద కర్ర మిల్లీమీటరులో చిన్న భాగం ఓరగా కూర్చున్నా ఒక మొన పొడుగైపోతుంది, ఎదుటిది పొట్టిదవుతుంది. దాచడానికి చోటు లేదు.

అందుకే పేరున్న పనివాళ్లు కూడా ఎప్పటికప్పుడు ఒక మామూలు నాలుగు మొనల కర్ర చేస్తుంటారు, సంగీత కచేరీలో వర్ణం పాడినట్టు. కొత్త పనివాడి చేతిని పరీక్షించాలంటే డ్రాగన్లు, నక్షత్రాలు, నలభై ముక్కల పొదుగుడు ఉన్న కర్ర అడగటం కన్నా సాదా కర్ర అడగటం మేలు. అక్కడ నలభై ముక్కల హడావిడిలో పొడి కలిపిన జిగురుతో పూడ్చిన సందులు కనబడవు. సేకరించేవాళ్లు సంప్రదాయం కావాలని పట్టుబట్టడంలో సగం ఛాదస్తం ఉంటే ఉండొచ్చు. మిగతా సగం మాత్రం పనితనం కొలవడానికి తెలిసిన కొలబద్ద చేతిలో ఉండాలనే కోరిక.

అభిరుచి పేరుతో ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే. మొనలు ఎగుడు దిగుడుగా వచ్చాక 'అది డిజైన్' అనే సమాధానం తరచూ వినబడుతుంది. పొడుగు పొట్టి మొనలు కావాలని ముందే గీసి, రెండు పొడుగూ రెండు పొట్టీ కచ్చితంగా ఒకే కొలతలో వస్తే అది డిజైన్. కర్ర అయ్యాక చెప్పేది సాకు.

ఇక మన ఊరికి సంబంధించిన అసలు మాట. పొదుగుడు పనికి విశాఖపట్నం కొత్త కాదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు రోజ్‌వుడ్, ఎబొనీ, టేకు చెక్కల్లో దంతం పొదిగి కుర్చీలు, బీరువాలు, రాత బల్లలు, పెట్టెలు చేశారు. దంతపు పలక మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి లతలు, పూలు తేల్చేవారు. తర్వాత్తర్వాత గంధపు చెక్క పెట్టెలకి నిలువెల్లా దంతపు పలకలే తొడిగారు. విజాగపటం పని అనే పేరుతో అవి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల ఇళ్లకి, అక్కణ్ణుంచి ఓడల్లో ఇంగ్లండుకి చేరాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పుడూ ఉన్నాయి.

వాటిలో గమనించాల్సింది ఒకటుంది. ఆకారం పూర్తిగా దొరగారిది. ఇంగ్లీషు కుర్చీ ఎత్తు, ఇంగ్లీషు బల్ల సొరుగులు, ఇంగ్లీషు కాళ్లు. అంచు వెంబడి పాకే తీగ మాత్రం ఇక్కడిది. ఈ తీరానే తయారై అప్పట్లో ఎగుమతయ్యే అద్దకం బట్టల అంచుల్లో ఉన్న తీగకి అది చుట్టం. కూర్చునేవాడి నడుముకి సరిపడే కొలతలతో పనివాడు పేచీ పెట్టుకోలేదు. అలంకారంలో తన చేతివాటం వదులుకోలేదు. ఈ రోజు విశాఖ నుంచి ఎవరైనా కస్టమ్ క్యూ చేయించుకుంటే ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. నిష్పత్తులు ఆటవి, జాయింట్, బరువు, షాఫ్ట్ సన్నబడే తీరు పనివాడివి. మొనల మధ్య ఖాళీలో పాకే తీగ మన దంతపు పెట్టెది కావచ్చు. అమెరికన్ పుస్తకంలోని వజ్రం గుర్తు, నెమలి కన్ను గుర్తు యథాతథంగా దించుకోవడం కన్నా అది ఎక్కువ సంప్రదాయం, ఎక్కువ సొంతం కూడా.

దంతం మాత్రం వాడకూడదు. పాత క్యూలలో ఫెర్రూల్ (టిప్ కింద ఉండే తెల్ల తొడుగు), జాయింట్, కింది రింగు దంతంతో చేసేవారు. ఆ తెల్లదనమే ఇప్పటికీ 'క్లాసిక్' అనిపించుకుంటుంది. ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారానికి 1989లో సైటిస్, అంటే వన్యజీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం, కింద తీసుకున్న నిర్ణయంతో తలుపులు మూసుకున్నాయి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలు ముందు భారతీయ దంతాన్ని, తర్వాత ఆఫ్రికా దంతాన్ని కూడా వ్యాపారంలోంచి తీసేశాయి. పాత అమెరికన్ కర్రల్లో గొప్పగా చెప్పుకునే బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లోనే అత్యంత కఠినమైన జాబితాకెక్కింది. 2017 నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటికీ ఏదో ఒక స్థాయి నియంత్రణ ఉంది. ఎవరైనా దంతపు జాయింట్ ఉన్న పాత కర్ర చూపించి 'ఒరిజినల్' అంటే మురిసిపోయే ముందు చట్టం గుర్తు చేసుకోవాలి. తెల్లటి సింథటిక్ పదార్థాలు ఇప్పుడు పోగు గీతలతో సహా దంతంలా దొరుకుతున్నాయి. పైగా అసలు దంతంలా ఏసీ గదిలో ఎండిపోయి బీటలు వారవు.

బీటల మాట వచ్చింది కాబట్టి వాతావరణం సంగతి. బ్రూక్లిన్‌లో కుదిరినది బీచ్ రోడ్డు పక్కన కుదరాలని లేదు. సముద్రపు తేమ గాలిలోంచి కర్రని తీసుకెళ్లి నాలుగ్గంటలు ఏసీ పార్లర్‌లో పెట్టి, మళ్లీ బైక్ మీద ఆ తేమలోకే తెస్తాం. చెక్క పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పోగు నిటారుగా ఉన్న మేపుల్ దీన్ని తట్టుకుంటుంది. కంటికి నదురుగా ఉండే బుడిపెల చెక్క, పాము చర్మంలా కనిపించే స్నేక్‌వుడ్ లాంటివి తట్టుకోలేవు. స్నేక్‌వుడ్ చీలడానికి పేరుమోసింది. అలాంటి చెక్కే కావాలనుకుంటే మంచి పనివాడు దాని నడుమ రంధ్రం తొలిచి, నిటారు పోగు ఉన్న కడ్డీని దూర్చి అతికిస్తాడు. కోరింగ్ అంటారు. బయట కోరుకున్న అందం, లోపల నమ్మకస్తుడైన చెక్క. షాఫ్ట్‌ని కూడా ఒక్కసారిగా తరగరు. కొంచెం తరిగి, వారాలు ఆరనిచ్చి, వంపు తిరిగితే పక్కన పడేసి, మిగిలితే మళ్లీ కొంచెం తరుగుతారు. తొందరపెట్టే కస్టమర్ పోగొట్టుకునేది ఇక్కడే.

బరువైన చెక్కలంటే మోజున్నవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. వెనక భాగం మొత్తం ఎబొనీయే కావాలంటే బరువు చేయి దాటిపోతుంది, తూకం వెనక్కి జారుతుంది. కింద బిగించే బరువు బోల్టు తీసేసినా తగ్గేది కొంతే. మన మన్యంలో బీడీ ఆకు కోసుకునే తునికి చెట్టు కూడా ఎబొనీ కుటుంబమే, ముదిరిన చెట్టు చేవ నల్లగా ఉంటుంది. చూపుకి ముచ్చటే. తూకం వేసి చూశాకే ముచ్చట పడాలి.

దారం చుట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ సంప్రదాయం మన పక్షాన ఉంది. పూల్ క్యూ పిడికిలి దగ్గర చుట్టే ఐరిష్ లినెన్ అసలు చేపలు పట్టే గాలం దారం. నార దారం చెమట పీలుస్తుంది, జారదు. కొత్తతరం కర్రల్లో చాలావాటికి చుట్టు ఉండటం లేదు. చెక్క పోగు పై నుంచి కిందిదాకా తెగకుండా కనబడాలనేది వాటి అందం. స్నూకర్ అలవాటున్నవాళ్లకి అది నచ్చుతుంది కూడా. కానీ మే నెలలో కరెంటు పోయి జనరేటర్ మీద ఫ్యాన్లు మాత్రమే తిరిగే పార్లర్‌లో, వార్నిష్ వేసిన నున్నటి చెక్కని తడి అరచేత్తో పట్టుకుని బ్రేక్, అంటే ఆట మొదలుపెట్టే గట్టి దెబ్బ, కొట్టి చూడాలి. అప్పుడు లినెన్ ఎందుకు పుట్టిందో అరచేతికే తెలుస్తుంది. తోలు చుట్టు కూడా మంచిదే, ఖరీదు ఎక్కువ. లినెన్‌కి ఉన్న ఇబ్బంది మురికి. తెల్లది ఆరు నెలల్లో చాయ్ రంగుకి వస్తుంది. ముదురు రంగులో తెల్ల చుక్కలున్నది తీసుకుంటే కొన్నాళ్లు పరువు నిలబెడుతుంది.

రంగు పూతలో ఇక్కడివాళ్లకి ఇంకో ఆస్తి ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది పక్కన ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకి పడుతుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు మెత్తని చెక్క, క్యూకి పనికిరాదు. లక్క కూడా అరచేతి చెమటకి, రాపిడికి నిలిచే పూత కాదు. క్యూలకి వాడే గట్టి పూతలు వేరు. అయితే పచ్చ, పసుపు, ఎరుపు, నీలిమందు రంగుల ఆ కూర్పుని వెనీర్ల వరసలోకి తెస్తే ఎలా ఉంటుందో చూడాలనిపిస్తుంది. అమెరికన్ కర్రల్లో నారింజ, ఆకుపచ్చ, తెలుపు, నలుపు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఆ రంగుల ముందు మన వరస ఏమీ తీసిపోదు.

ఈ వాదాన్ని కార్బన్ షాఫ్ట్ వచ్చి కాస్త గజిబిజి చేసింది. ముందు కొస బరువు తగ్గితే, బంతిని పక్కగా కొట్టినప్పుడు అది గురి తప్పి పక్కకి జరగడం తగ్గుతుందని 1990ల నుంచి తయారీదారులు ముందు కొసని తేలిక చేస్తూ వచ్చారు. కార్బన్ ఫైబర్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. పైగా తేమకి వంగదు. విశాఖకి చేసిపెట్టినట్టే ఉంటుంది. కానీ కర్ర సగం నల్ల గొట్టం అయిపోతుంది. తెల్ల ఫెర్రూల్ పోతుంది. నాలుగు మొనలు చూపు తీసుకెళ్లి వదిలే లేత మేపుల్ ఇక ఉండదు. ఆటకి ఇది మేలు అని ఒప్పుకుంటూనే, చూడటానికి ఇంకా కుదుటపడలేదని చెప్పక తప్పదు. కార్బన్ పెట్టుకునేవాళ్లు వెనక భాగాన్ని ముదురు చెక్కలో చేయించుకుంటే రెండూ కొంత కలిసిపోతాయి.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఆర్డరిచ్చేటప్పుడు జనం అడిగేవి చూస్తే అది నిజమే. పేరు, పుట్టిన తేదీ, క్రికెట్ జట్టు గుర్తు, కొందరైతే సింహాద్రి అప్పన్న నామాలు. అప్పన్న దగ్గర ఒక చిక్కుంది. అమెరికన్ లెక్క ప్రకారం పెద్ద పొదుగుడు ఉండాల్సిన చోటు కర్ర కింది భాగం, పిడికిలికి దిగువన. అక్కడ చోటు ఎక్కువ, లావూ ఎక్కువ. కానీ ఎదుటివాడు ఆడుతున్నంతసేపూ ఆ భాగం నేల మీద, బూట్ల పక్కన ఆని ఉంటుంది. దేవుడి గుర్తుని అక్కడ పెట్టడానికి ఇక్కడ ఎవరికీ మనసొప్పదు. అలాంటప్పుడు గుర్తుని మొనల మధ్య ఖాళీలోకి ఎక్కించి, కింది భాగాన్ని సాదా చెక్కతో వదిలేయాలి. సేకరించేవాళ్ల దృష్టిలో కర్ర అడుగున బోసిగా ఉంటుంది. ఉండనివ్వండి, దాన్ని రేపు అమ్ముకునే ఉద్దేశం ఉంటే తప్ప. అమ్ముకునే ఉద్దేశం ఉంటే మాత్రం పేరు, తేదీ, నామాలు ఏవీ వద్దు. ఇంకొకరి పేరున్న కర్రకి గిరాకీ ఉండదు.

పేరు తెలుగులో పొదిగించుకునేవాళ్లకి ఒక సౌలభ్యం ఉంది. కంప్యూటర్ మిషన్ కట్టర్ సూది మూలలు కోయలేదని పైన చెప్పుకున్నాం. ఇంగ్లీషు పెద్దక్షరాలు మూలలతో నిండి ఉంటాయి. వాటిని మిషన్ కోస్తే మూలలు మొద్దుబారతాయి, లేదా ఉలితో చేత్తో సరిచేయాలి. తెలుగు అక్షరాలు ఎటూ గుండ్రమే. సున్నా, ర, ల, ఠ కట్టర్ దారిన హాయిగా తిరుగుతాయి. తలకట్టు దగ్గర మాత్రమే ఒక పదునైన మలుపు వస్తుంది, దాన్ని కొంచెం ఒంపుగా గీసిన అక్షరశైలి ఇస్తే సరిపోతుంది. ఒత్తులు తక్కువున్న పేరైతే ఇంకా మంచిది. పిడికిలి కింద కర్ర మందం అంగుళం పైచిలుకే, వంపు తిరిగిన ఆ చోట క్ష్మి లాంటి అక్షరం నలిగిపోతుంది.

అక్షరాలు ఏ దిక్కుకి తిరిగి ఉండాలో కూడా కాగితం మీదే తేల్చుకోవాలి. ఆడేవాడు గడ్డం కర్రకి ఆనించి వంగినప్పుడు కనబడేది షాఫ్ట్, టిప్, దాని అవతల బంతి. మొనలు గడ్డం కిందికి, పేరు వెనక చేతి దగ్గరికి పోతాయి. వాటిని తీరిగ్గా చూసేది కుర్చీలో కూర్చున్న ఎదుటి ఆటగాడు. అతను చదవాలంటే పేరు ఒక దిక్కుకి, స్టాండులో నిలబెట్టినప్పుడు సొంతదారు చదువుకోవాలంటే ఇంకో దిక్కుకి రాయాలి. పనివాడు అడగకపోతే తనకి అలవాటైన దిక్కుకే కోసేస్తాడు.